వేంగి గద్దె మీద హక్కు రాజరాజ నరేంద్రుడిదా, విజయాదిత్యుడిదా?

గోదారిగట్టు:
వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడికి చోళ రాకుమారి కుందవ వల్ల రాజరాజ నరేంద్రుడు, మేళమ వల్ల విజయాదిత్యుడు పుట్టారు. నన్నయతో భారతం రాయించాడని అన్నను నెత్తిన పెట్టుకుంటాం, సవతి తమ్ముణ్ణి ద్రోహి అంటాం. ఇంతకీ తమ్ముడు చేసిన నేరమేంటి?

చాళుక్యప్రియ:
నేరం కాదా? 1022లో పట్టాభిషేకం జరిగిన అన్నను పదేళ్లు తిరక్కుండా గద్దె దించాడు. అదీ పడమటి కల్యాణి చాళుక్యులను ఇంటి గొడవలోకి లాగి! పెద్దవాడుండగా చిన్నవాడికి హక్కెక్కడిది?

గోదారిగట్టు:
అన్న మాత్రం సొంత బలంతో ఎక్కాడా? వెనకున్నది మేనమామ రాజేంద్ర చోళుడు. ఆ మామ కూతురు అమ్మంగనే చేసుకున్నాడు కూడా. కల్యాణి సేనతో జరిగిన కలిదిండి యుద్ధంలో ముగ్గురు చోళ సేనానులు చనిపోతే వాళ్ల పేరున శివాలయాలు కట్టించాడు. కల్యాణి వాళ్లు పరాయివాళ్లూ, తంజావూరు చోళులు మనవాళ్లూనా?

శాసనాలపిచ్చి:
పెద్దవాడి హక్కు అంటున్నారు కాబట్టి రెండు తరాలు వెనక్కి వెళ్దాం. వీళ్ల తాత దానార్ణవుడు పెద్దవాడు. అయినా 945లో గద్దె దక్కింది సవతి తమ్ముడు అమ్మరాజుకి. చివరికి తమ్ముణ్ణి చంపి దానార్ణవుడు రాజయ్యాడు. మూడేళ్లకే, 973లో, అమ్మరాజు బావమరిది జటాచోడ భీముడు ఆయన్నీ చంపాడు. దానార్ణవుడి కొడుకులు చోళుల దగ్గర తలదాచుకున్నారు. ఆ తర్వాతి 27 ఏళ్లూ వేంగికి రాజే లేడని చాళుక్య శాసనాలు రాసుకున్నాయి. జటాచోడుడు దర్జాగా ఏలుతుంటే!

చాళుక్యప్రియ:
సరే, 1061లో అన్న పోయాక? కొడుకు రాజేంద్రుడు ఉండగానే విజయాదిత్యుడు మళ్లీ వేంగిని పట్టాడు కదా. దీన్నేమంటారు?

శాసనాలపిచ్చి:
కబ్జా అనే అంటాను. కానీ ఆ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. ఆయన కొడుకుల శాసనాలు చదవండి: చోళరాజ్యం కోరి వేంగిని పినతండ్రికి తానే ఇచ్చాడట, ఆయన 15 ఏళ్లు ఏలాడట. పోయినదాన్ని ఇచ్చినట్టు చెక్కించుకున్నారు. ఈ రాగిరేకులు పట్టుకుని మనం హక్కులు తేల్చలేం.

గోదారిగట్టు:
తెలివైనవాడు కులోత్తుంగుడి కొడుకు ముమ్మడి చోడుడు. తండ్రి 1076లో వేంగికి పంపితే, తల్లిదండ్రుల పాదసేవలో ఉన్న సుఖం రాజ్యంలో లేదంటూ ఏడాదికే వెనక్కి వెళ్లిపోయాడు.

చాళుక్యప్రియ:
ఎన్ని చెప్పినా నా ఓటు అన్నకే. గద్దె చేతులు మారుతున్నా, పాండవులు మా వంశకర్తలంటూ భారతం మొదలుపెట్టించాడు. దాయాదుల పోరు గురించి ఆయనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.