నోట్‌బుక్‌లో ఉన్న ప్రాణం డిసర్టేషన్‌లోకి ఎందుకు రావట్లేదు?

వైజాగ్‌లో సోషల్ ఆంత్రోపాలజీ (జనం మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని అధ్యయనం చేసే శాస్త్రం) పీజీ పిల్లలకి రాయడం నేర్పుతున్నాను. జాలరిపేట వెళ్లొచ్చిన ఒకమ్మాయి నోట్‌బుక్‌లో "చేపల వేలంపాటలో బేరం తెగేదాకా ఆవిడ తట్ట మీంచి చెయ్యి తియ్యలేదు" అని రాసుకుంది. చాప్టర్‌లోకి వచ్చేసరికి అది "మత్స్యకార మహిళల ఆర్థిక భాగస్వామ్యం గణనీయం" అయిపోయింది. నాకు చాలా బాధేసింది. ఎలా నేర్పాలండీ?

జవాబు 1:
థియరీ తర్వాత, మేడమ్. ముందు ఒక్క సంఘటన మీదే రెండు పేజీలు రాయించి క్లాసులో పైకి చదివించండి. అరకు సంత మీద నేను అలాగే చేయించాను, ఎక్కడ అరువు మాటలు పడ్డాయో చదువుతున్నవాళ్ల గొంతే చెప్పేస్తుంది.

జవాబు 2:
సోషల్ ఆంత్రోపాలజీలో పేరున్న పండితుడు ఎం.ఎన్. శ్రీనివాస్ గారి సంగతి చెప్పండి. 1948లో మైసూరు దగ్గర పల్లెలో ఫీల్డ్‌వర్క్ చేశారు, 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెడితే విశ్లేషించి పెట్టుకున్న నోట్స్ కాలిపోయాయి, ప్రధానంగా జ్ఞాపకం మీదే రాసిన పుస్తకం 1976లో వచ్చింది. అందుకే నేను మొదటి డ్రాఫ్ట్ నోట్‌బుక్ మూసి రాయమంటాను. తేదీలు, మనుషులు అన్న మాటలు మాత్రం తెరిచి సరిచూసుకోవాల్సిందే.

అడిగినవారు:
మొదటి డ్రాఫ్ట్ తెలుగులో రాయనిస్తే?

జవాబు 1:
తప్పకుండా. వేలంపాటలో విన్న మాట విన్నట్టే పడుతుంది. ఆ తట్ట దగ్గరే చాప్టర్ మొదలుపెట్టమనండి.