జీజేబీ1 రిపోర్టు వచ్చింది: ఒకే కణం చుట్టిన మైలిన్‌లో గ్యాప్ జంక్షన్లకు ఏం పని?

చెల్లెలు, రాజమండ్రి:
మా అన్నయ్యకు 34 ఏళ్లు. కాలేజీలో ఉన్నప్పటి నుంచే నడుస్తుంటే తరచూ కాలు మడతపడేది. పిక్కలు సన్నబడ్డాయి. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడమూ కష్టంగా ఉంది. మొదట ఒక ఆసుపత్రిలో సీఐడీపీ (రోగనిరోధక వ్యవస్థే నరాల తొడుగును దెబ్బతీసే జబ్బు) అనుకుని స్టెరాయిడ్లు ఇచ్చారు, గుణం కనిపించలేదు. ఇప్పుడు జన్యు పరీక్షలో జీజేబీ1 మార్పు ఉందని, ఇది షార్కో-మరీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బులో ఎక్స్1 రకం అని తేల్చారు. చేతి నరంలో సంకేతం పోయే వేగం సెకనుకు 34 మీటర్లు. గ్యాప్ జంక్షన్లంటే పక్కపక్క కణాలను కలిపే దారులని చదివాను. నరతంతువు మీది మైలిన్ తొడుగు ఒక్కో ముక్కనూ ఒకే కణం చుడుతుందట కదా, మరి అక్కడ వీటితో ఏం పని? ఇంకొకటి, అన్నయ్యకు ఒక పాప, ఒక బాబు. బాబుకు కూడా వస్తుందేమోనని వదినకు నిద్ర పట్టడం లేదు.

సభ్యుడు, కాకినాడ:
బి12 ఇంజెక్షన్లు వేయించండమ్మా. మా మామయ్యకు తిమ్మిర్లు వాటితోనే తగ్గాయి.

నరాల పరిశోధన విద్యార్థి:
బి12 తక్కువగా ఉంటే రక్తపరీక్షలో తెలుస్తుంది, అప్పుడు వేయించుకోవచ్చు. పుట్టుకతో వచ్చిన ప్రోటీన్ తేడాను అది సరిచేయదు.

మీ సందేహం చాలా సరైనది. మైలిన్ చుట్టే ష్వాన్ కణం నరతంతువు చుట్టూ పదుల చుట్లు తిరుగుతుంది. దాని కేంద్రకం బయటి అంచున ఉంటుంది, లోపలి అంచు తంతువును ఆనుకుని ఉంటుంది. మధ్య చుట్లు చాలావరకు బిగిసిపోయి, వాటిలో కణద్రవం దాదాపు మిగలదు. చుట్ట చుట్టిన చాప అనుకోండి. చీమ చాప వెంటే నడుస్తూ లోపలి కొసకు చేరాలంటే చాప పొడవంతా నడవాలి. పొరలకు అడ్డంగా సన్నటి రంధ్రాలుంటే? నాలుగడుగుల్లో చేరుతుంది. ఆ రంధ్రాలు చేసేదే కనెక్సిన్ 32, జీజేబీ1 జన్యువు తయారుచేసే ప్రోటీన్. ఈ అడ్డదారి చుట్టుదారి కంటే వెయ్యి రెట్ల వరకు దగ్గరవుతుందని అంచనా. అంటే ఇక్కడ గ్యాప్ జంక్షన్ కలిపేది ఒకే కణపు ఎదురెదురు పొరలను.

ఆరు కనెక్సిన్లు కలిసి సగం గొట్టం అవుతాయి. ఎదుటి పొరలోని సగంతో అతుక్కుంటే దారి పూర్తవుతుంది. సుమారు 1000 డాల్టన్ల (అణుభారపు కొలత) లోపు అణువులు, అయాన్లు మాత్రమే అందులో పడతాయి. బిగిసిన మైలిన్‌లో ఇవి ఉండవు. రాన్వియర్ కణుపుల (రెండు మైలిన్ ముక్కల మధ్య ఖాళీల) పక్క అంచుల్లోనూ, ష్మిట్-లాంటర్మాన్ చీలికల్లోనూ, అంటే కణద్రవం ఇంకా మిగిలిన చోట్ల ఉంటాయి.

అయితే దారి మూసుకుంది కాబట్టి జబ్బు వచ్చింది అని అంత తేలిగ్గా చెప్పలేం. 1998లో కనెక్సిన్ 32 లేని ఎలుకల నరాల్లో రంగు ఎక్కించి చూస్తే, అది పొరలు దాటి వెళ్లింది. ఇంకో కనెక్సిన్ కూడా అక్కడ పనిచేస్తోందన్నమాట. నాకు ఇంకా వింతగా తోచేది కాలేయం. కనెక్సిన్ 32 అక్కడ దండిగా ఉంటుంది, కానీ ఈ రోగుల్లో కాలేయ జబ్బు కనిపించదు. ఈ జన్యువుకూ నరాల జబ్బుకూ ఉన్న సంబంధం 1993లోనే తేలింది.

వేగం సంగతి: చేతి నరాల్లో మామూలుగా 50 పైన ఉంటుంది. ఈ జబ్బులో బాగా ఎక్కువగా కనిపించే 1ఏ రకంలో 20 దగ్గరికి పడిపోతుంది. మగవారిలో 30, 40 మధ్య ఉంటే ఎక్స్1ను అనుమానించాలి. పైగా దీనిలో నరాలన్నీ ఒకే తీరుగా మందగించవు, అందుకే సీఐడీపీ అని పొరబడటం జరుగుతుంటుంది.

జన్యు సలహాదారు:
వదినగారిని నిద్రపొమ్మనండి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై. కాబట్టి బాబుకు ఇది తండ్రి నుంచి రాదు. పాపకు మాత్రం ఈ జన్యు మార్పు తప్పకుండా వస్తుంది. ఆడవారిలో సాధారణంగా తేలికగా, ఆలస్యంగా కనిపిస్తుంది, కొందరిలో పెద్దగా తెలియకపోవచ్చు కూడా. ఇప్పుడు మీ గురించి. మార్పు అమ్మగారి నుంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ, ముందు ఆవిడకు పరీక్ష చేయించండి. ఆవిడలో ఉంటే మీకు సగానికి సగం అవకాశం. పిల్లల కోసం అనుకుంటున్నట్లయితే ఆ లోపే తెలుసుకోవడం మంచిది. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, రిపోర్టు ప్రతి తీసుకెళ్లండి.

ఫిజియోథెరపిస్టు:
మందుతో నయం కాదు గానీ చేయగలిగింది చాలా ఉంది. పాదం జారిపోకుండా పట్టే తేలికపాటి పట్టీ, మడమ చుట్టూ గట్టిగా ఉండే బూట్లు, పిక్క కండరాన్ని రోజూ సాగదీయడం. అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే పుండ్ల కోసం రోజూ చూసుకోవాలి. గుండీల బదులు అంటించే పట్టీలు కుట్టిస్తే చొక్కా గొడవ తీరుతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ జబ్బు పేరు ముందే చెప్పండి. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వీరి నరాలను తీవ్రంగా దెబ్బతీయగలదు.

చెల్లెలు, రాజమండ్రి:
వదిన ఇది రెండుసార్లు చదివింది, మీ అందరికీ ధన్యవాదాలు. అన్నయ్య స్నేహితులతో అమర్‌నాథ్ యాత్రకు పేరు ఇచ్చాడు. పట్టీ వేసుకుని వెళ్లొచ్చా?

నరాల పరిశోధన విద్యార్థి:
నడక కంటే ఎత్తు గురించి ఆలోచించాలి. గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. కనెక్సిన్ 32 మెదడులో మైలిన్ చుట్టే కణాల్లోనూ ఉంటుంది. ఎత్తైన కొండల్లో స్కీయింగ్ చేసి తిరిగొచ్చిన ఇద్దరు ఎక్స్1 రోగులకు కొద్ది రోజుల్లోనే మాట తడబడి, నడక తూలిన సంగతి 2002లో అచ్చయింది. అది తాత్కాలికమే, తగ్గిపోయింది కూడా. జ్వరం, విపరీతమైన శ్రమ తర్వాత కూడా ఇలాంటివి నమోదయ్యాయి. న్యూరాలజిస్టు సరే అనేవరకు టికెట్లు కొనవద్దని చెప్పండి.