శ్రుతి మించడం అంటే ఎంత మించడం?

ప్రశ్న (అమలాపురం నుంచి): మాట హద్దు దాటితే ‘శ్రుతి మించి రాగాన పడింది’ అంటాం. అసలు శ్రుతి మించిందని చెవికి ఎలా తెలుస్తుందండీ?

జవాబు: వీణ దగ్గర కూర్చుంటే ఇట్టే తెలుస్తుంది, అక్కయ్యగారూ. వాయించే తీగల్లో మొదటిదైన సారణికీ, పక్కన తాళం కోసం ఉండే తీగల్లోని పక్కసారణికీ షడ్జం (స) ఒకటే. రెంటినీ కలిపి మీటండి. కలవకపోతే నాదం నిలకడగా సాగదు, లేచి పడుతూ ఊగుతుంది. భౌతికశాస్త్రం పాఠాల్లో వీటినే విస్పందనాలు అంటారు. ఒక తీగ సెకనుకు 240 సార్లు, మరొకటి 243 సార్లు కంపిస్తే, తేడా ఎంతో ఊపులూ అన్నే: సెకనుకు 3. తీగను బిగించే బిరడ తిప్పి 241కి తెస్తే ఊపు ఒక్కటే మిగులుతుంది. ఇక బిరడను వదిలి, సన్నటి సవరింపుకు తీగకున్న పూస జరపాలి. మన గోదావరి జిల్లాల వానాకాలపు తేమకు బిరడ ఉబ్బి ఒక పట్టాన కదలదు, కదిలిందా ఒక్కసారిగా దాటిపోతుంది!

తమాషా ఏమిటంటే 237 దగ్గరా 243 దగ్గరా ఊపు ఒకేలా వినిపిస్తుంది. తేడా ఎంతో తెలుస్తుంది గాని, తగ్గిందో మించిందో తెలియదు. తీగను కాస్త వదులు చేసి చూడాలి. ఊపు నెమ్మదిస్తే మించినట్టు, జోరందుకుంటే తగ్గినట్టు.

కాకినాడ నుంచి: పంచమం (ప) స్వరమే వేరు కదా, దానికి ఈ ఊపు ఎక్కడిది?

జవాబు: వీణ విద్వాంసులు చిట్టిబాబుగారు పుట్టిన ఊరివారు మీరే ఇలా అడిగితే ఎలాగండీ! తీగ మోగితే అసలు స్వరంతోపాటు దానికి రెట్టింపు, మూడు రెట్ల స్వరాలూ సన్నగా పలుకుతాయి. షడ్జం 240 అయితే దాని మూడు రెట్లు 720. పంచమం 360, దాని రెట్టింపూ 720. పంచమం 361కి జరిగితే అది 722 అవుతుంది, సెకనుకు రెండు ఊపులు వినిపిస్తాయి.

భీమవరం నుంచి: తీగల సంగతి సరే. పద్యనాటకంలో హార్మోనియం శ్రుతి ఉన్నచోటే ఉంటుంది, రాగం తీసే కొద్దీ నటుడి గొంతే పైకి పోతుంది. సామెతకు మూలం బిరడ కాదు, గొంతు అంటాను.

జవాబు: రాగాన పడేది గొంతే, ఒప్పుకుంటాను. కాని గొంతు తీగలా ఒకచోట నిలవదు, ఊపులు లెక్కపెట్టే వీలుండదు. ముందు వరుసలోని వాళ్ల ముఖాలు చూసి తెలుసుకోవలసిందే.