ఇంజిన్ ఆయిల్ ముందే వేడి చేయాలా? వైజాగ్‌లో కూడానా?

ఎంవీపీ_టర్బో: నా టర్బో పెట్రోల్ కారుకి ఫోర్జ్‌డ్ పిస్టన్లు (పోత పోయకుండా లోహాన్ని నొక్కి చేసే గట్టి రకం) వేయించాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమంటోంది. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద 200 వాట్ల హీటింగ్ ప్యాడ్ అంటించుకోమంటున్నారు గ్యారేజీలో. ఫార్ములా 1 ఇంజిన్లకు వేడి కూలెంట్ ఎక్కించాకే స్టార్ట్ చేస్తారు కదా అని వాళ్ల వాదన. నిజంగా అవసరమా?

గాజువాక_స్పానర్: ఎఫ్1తో పోలికేంటి గురూ! వాటిలో సందులు మరీ సన్నం, చల్లగా ఉంటే భాగాలు పట్టేస్తాయి. మీ ఇంజిన్ కథ దానికి తలకిందులు. ఫోర్జ్‌డ్ పిస్టన్, అందులోనూ 2618 అల్లాయ్ అయితే, వేడికి బాగా సాగుతుంది. అందుకే పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య కావాలనే సందు ఎక్కువ ఉంచుతారు. ఆ టకటక దానిదే. పిస్టన్‌ని వేడెక్కించేది పైన మండే పెట్రోలు. కింద సంప్ కాల్చితే చప్పుడు పోదు.

భీమిలి_రోడ్: చప్పుడు సరే, బేరింగుల మాటేంటి? ట్రాక్ కోసం నేను 20డబ్ల్యూ-60 అనే చిక్కటి ఆయిల్ పోస్తాను. జనవరి పొద్దున డిప్‌స్టిక్ తీస్తే చుక్క కిందకి జారడానికి కూడా బద్ధకిస్తుంది. ప్యాడ్ పెట్టాకే స్టార్ట్ చేస్తాను.

గాజువాక_స్పానర్: మన జనవరి చలి ఎంత, 18 డిగ్రీలు అటూ ఇటూ. మైనస్ 20లో కూడా పంపు లాగగలిగితేనే ఆయిల్‌కి 20డబ్ల్యూ అని పేరు పెడతారు. 5డబ్ల్యూకైతే మైనస్ 35. లంబసింగిలో కాపురం పెట్టినా ఆ హీటర్ అక్కర్లేదు.

భీమిలి_రోడ్: పంపు లాగితే సరిపోదు మాస్టారూ. చిక్కటి ఆయిల్‌కి ప్రెజర్ పెరిగి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ బేరింగుల దాకా పోకుండానే వెనక్కి మళ్లుతుంది.

సీతమ్మధార_390: అందుకే చల్లటి ఇంజిన్‌ని రైజ్ చేయకూడదు, అంతే. ఎంవీపీ నుంచి సిరిపురం చేరేసరికి కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చేస్తుంది, ఆయిల్ టెంపరేచర్ గేజ్ ఇంకా 55 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందరూ మోసపోయేది ఆ ముల్లు చూసే. ఆయిల్ 80 దాటేదాకా టర్బో జోలికి పోవద్దు. ఇక ప్యాడ్ అంటారా, 4 లీటర్ల ఆయిల్‌ని 20 నుంచి 70కి తేవాలంటే వేడి ఎక్కడా పోకపోయినా అరగంట. సంప్, బ్లాక్ కూడా లాగేసుకుంటాయి కాబట్టి గంట పైనే. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లో ప్లగ్ పాయింట్ ఎవరిస్తారు? వాచ్‌మన్ ఫ్యాన్ తీసేసి పెట్టుకోవాలి.

ఎంవీపీ_టర్బో: నాది 5డబ్ల్యూ-40. అయితే ప్యాడ్ డబ్బులతో ఆయిల్ టెంపరేచర్ గేజ్ పెట్టించేస్తాను.

భీమిలి_రోడ్: మీకు అదే మేలు. నా 20డబ్ల్యూ-60 జోలికి మాత్రం రాకండి, ప్యాడ్ తీసేది లేదు.