ప్రచ్ఛన్న యుద్ధానికి తొలి బాధ్యత ఎవరిది?

చరిత్ర విద్యార్థి:
గ్రూప్స్‌కు చదువుతున్నాను. ప్రచ్ఛన్న యుద్ధానికి సోవియట్ రష్యా నేత స్టాలిన్ విస్తరణ కాంక్షే మూలమని ఒక పుస్తకం చెబుతుంటే, అమెరికా అణుబాంబు అహంకారమే మూలమని మరొకటి వాదిస్తోంది. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశంలో ఒకే బల్ల చుట్టూ కూర్చున్న అమెరికా, బ్రిటన్, రష్యాలు, 1947 మార్చిలో గ్రీసు, టర్కీలను కమ్యూనిస్టుల వైపు పోనీయకుండా ఆదుకోవడానికి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన పార్లమెంటును 40 కోట్ల డాలర్లు అడిగేనాటికి బద్ధశత్రువులయ్యాయి. మొదటి తప్పు ఎవరిదో పెద్దలు వివరించగలరు.

విశ్రాంత అధ్యాపకుడు:
యాల్టా కంటే వెనక్కి వెళ్లాలండి. 1944 అక్టోబరులో మాస్కోలో బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఒక అర కాగితం మీద రుమేనియాలో రష్యాకు 90 శాతం పలుకుబడి, గ్రీసులో బ్రిటన్‌కు 90 శాతం, యుగోస్లావియా, హంగరీలలో చెరిసగం అని రాసి స్టాలిన్ ముందుకు జరిపితే, ఆయన నీలి పెన్సిలుతో దానిపై టిక్కు పెట్టి తిరిగి ఇచ్చాడు. ఆ దేశాల ప్రజలను ఎవరూ అడగలేదు. ఆ డిసెంబరులో ఏథెన్స్‌లో బ్రిటిష్ సేనలు గ్రీకు వామపక్ష దళాలతో తలపడినప్పుడు స్టాలిన్ వేలు కూడా కదపలేదు. బదులుగా తన వంతు తనకు వదిలేస్తారనే ఆశించాడు. సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకున్న దేశం సరిహద్దు భద్రత కోరితే తప్పుపట్టలేం. అటు అమెరికా 1945 మేలో లెండ్-లీజ్ సాయాన్ని (యుద్ధంలో మిత్రదేశాలకు పంపే ఆయుధాలు, సరకులు) ఉన్నపళంగా కోసేసింది. జులై 24న జర్మనీలోని పోట్స్‌డామ్ సమావేశంలో ట్రూమన్ కొత్త ఆయుధం (అణుబాంబు) సంగతిని స్టాలిన్ చెవిన మాటవరసకన్నట్టు వేశాడు.

పోలండ్ చరిత్ర పాఠకురాలు:
మాస్టారూ, భద్రత కోరడం వేరు, పొరుగు దేశపు ఓటును కాజేయడం వేరు. 1945 మార్చిలో పోలండ్ అజ్ఞాత ప్రతిఘటన నాయకులు 16 మందిని సోవియట్ అధికారులు చర్చలకని పిలిచి, నిర్బంధించి, జూన్‌లో మాస్కోలో బోనెక్కించారు. స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని యాల్టాలో ఇచ్చిన మాట 1947 జనవరి నాటి రిగ్గింగుతో గంగలో కలిసింది. జర్మనీతో కలిసి రష్యాపై పోరాడిన ఫిన్లాండ్‌తో మాత్రం స్టాలిన్ 1948లో ఒక ఒప్పందంతో సరిపెట్టుకున్నాడు, అక్కడి పార్లమెంటు నిలిచింది. అంటే ఆయనకు వేరే దారి ఉండేదన్నమాట.

విశ్రాంత అధ్యాపకుడు:
ఫిన్లాండ్ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదమ్మా. పోలండ్ విషయంలో బాధ్యత స్టాలిన్‌దే. బాబూ, జవాబు రాసేటప్పుడు మాత్రం తూర్పు ఐరోపాలో జరిగిన అణచివేతను, ఆ తగాదాను ప్రపంచమంతటికీ వర్తింపజేసిన ట్రూమన్ సిద్ధాంతాన్ని (కమ్యూనిస్టు ఒత్తిడిని ఎదుర్కొనే దేశాలకు అమెరికా అండగా నిలవాలన్న 1947 నాటి విధానం) ఒకే గాటన కట్టకుండా విడివిడిగా రాయండి.