అమ్మ మిద్దె తోటకి నడుముకి తగిలించుకునే రీఫిల్ స్ప్రే బాటిల్ చేస్తున్నా, పది సార్లు కొట్టేసరికి ట్రిగ్గర్ ఆగిపోతోంది, ఎక్కడ తప్పు?

వీకెండ్_మేకర్_ఖమ్మం:

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మ మేడ మీద నలభై కుండీల దాకా పెంచుతోంది, వంగ, బెండ, మిర్చి, టమాటా, రెండు మందారాలు. ఈసారి మందారానికి పిండినల్లి, మిర్చికి పేనుబంక పట్టుకుని వదలట్లేదు. నాన్న పొలానికి వాడే 16 లీటర్ల స్ప్రేయర్ ఉంది గానీ దాన్ని వీపున వేసుకుని మెట్లెక్కడం అమ్మ వల్ల కాదు. లీటర్ బాటిల్ కొనిచ్చా, నిండా పోస్తే అదే కిలో పైన, చెయ్యి పైకెత్తి ఆకుల కింద కొడుతుంటే మణికట్టు లాగేస్తోందని రెండో రోజే పక్కన పడేసింది.

అందుకని నేనే ఒకటి డిజైన్ చేద్దామని కూర్చున్నా. 250 మి.లీ., పలచగా చదునుగా ఉండాలి, చీర నడుము దగ్గర క్లిప్‌తో తగిలించుకోవాలి, అయిపోతే మూత తియ్యకుండానే 5 లీటర్ల క్యాన్ నుంచి కింద వాల్వ్ ద్వారా నింపుకోవాలి. జేబులో పెట్టుకునే సెంటు స్ప్రేలు ఉంటాయి కదా, అడుగున వాల్వ్ పెట్టి పెద్ద సీసా మీద పైకీ కిందికీ ఆడిస్తే నిండిపోతాయి, ఐడియా అక్కడ్నుంచి వచ్చింది. బాడీ 3డీ ప్రింటర్‌లో పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేశా, ట్రిగ్గర్ హెడ్ మాత్రం ఇంట్లో అద్దాలు తుడిచే లిక్విడ్ పాత బాటిల్‌ది.

మొదట మెడ దగ్గర కారింది. టెఫ్లాన్ టేపు చుట్టి, హెడ్ అడుగున ట్యూబ్ చుట్టూ కూడా సిలికాన్ సీలెంట్ పూసేశా, కారడం ఆగింది. కానీ ఇప్పుడు పది పన్నెండు సార్లు కొట్టేసరికి ట్రిగ్గర్ లోపలికి పోయి వెనక్కి రావట్లేదు. కింద వాల్వ్‌ని పుల్లతో నొక్కితే సుయ్‌మని గాలి లోపలికి పోతుంది, మళ్లీ ఓ పది సార్లు పనిచేస్తుంది. ఇంకోటి, అమ్మ వేపనూనెలో కుంకుడు రసం కలుపుతుంది, అది కింద నుంచి ఎక్కిస్తుంటే లోపలంతా నురగే, సగం కూడా నిండదు. మొన్న కట్టుకుని వంగితే చీర తడిసింది, తిట్లు తిన్నా.

ఇంకాస్త గట్టి స్ప్రింగ్ వేస్తే సరిపోతుందా? అలాగే హెడ్ కూల్‌డ్రింక్ బాటిల్‌కి కూడా పట్టేలా మెడ చెయ్యాలని ఉంది, ఆ చుట్టు కొలతలు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

---

చర్లపల్లి_మోల్డింగ్:

తమ్ముడూ స్ప్రింగు జోలికి పోకు, స్ప్రింగుది ఏం తప్పు లేదు. సీలెంట్ పూసినవ్ చూడు, కథంతా ఆడనే ఉంది.

ట్రిగ్గర్ ఒక్కసారి కొడితే ఇంచుమించు 1 మి.లీ. బయటికి పోతది. అంత మందు పోయినప్పుడు అంత గాలి లోపలికి రావాలె కదా, దానికోసం హెడ్‌ల చిన్న బొక్క ఉంటది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పిస్టన్ జరిగి అది తెరుసుకుంటది, వదిలితే మూసుకుంటది. హెడ్ కింది నుంచి చూస్తే ట్యూబ్ పక్కనే సూది మొనంత కనపడతది. నువ్ ట్యూబ్ చుట్టూ సీలెంట్ పూసినా అన్నవ్, అది మూసుకుపోయింది, అంతే.

లెక్క చూడు. బాటిల్ నిండా పోస్తే పైన 20 మి.లీ. గాలి మిగిలిందనుకో. పది సార్లు కొడితే 10 మి.లీ. మందు పోయింది, ఆ 20 మి.లీ. గాలే సాగి 30 అయితది, ఒత్తిడి మూడింట రెండొంతులకు పడిపోతది. అంటే ఆ చిన్న స్ప్రింగు మూడు మీటర్ల లోతు బాయి నుంచి నీళ్లు గుంజుతున్నట్టు. అది వెనక్కి ఎట్ల వస్తది పాపం? మామూలు మెత్తటి బాటిల్ అయితే గోడలు లోపలికి సొట్టబోతయ్, చూడంగనే తెలుస్తది. నీది మందం బాడీ గాబట్టి ట్రిగ్గర్ ఆగినదాకా తెల్వలే. నమ్మకం లేకపోతే సగమే పోసి కొట్టు, పది కాదు, చానా ఎక్కువసేపు పనిచేస్తది. ఎందుకంటే లోపల గాలి ఎక్కువ గాబట్టి.

గట్టి స్ప్రింగ్ వేస్తే అమ్మ వేలు నొప్పి పుట్టుడు తప్ప లాభం లేదు.

ఇగ కూల్‌డ్రింక్ బాటిల్ సంగతి. అద్దాల లిక్విడ్ హెడ్‌లు చానా మటుకు 28/410 అనే మెడకు వస్తయ్. 28 అంటే చుట్టు బయటి కొలత మిల్లీమీటర్లల్ల, పిచ్, అంటే ఒక చుట్టుకు ఇంకో చుట్టుకు నడుమ దూరం, 4.2 ఉంటది. ఇప్పటి కూల్‌డ్రింక్ బాటిల్ మెడ గూడ 28 ఏ, కానీ పిచ్ 2.7. చూస్తే ఒక్కతీరే ఉంటయ్, ఎక్కిచ్చి తిప్పితే సగం చుట్టుకే పట్టేస్తది, బలంగ తిప్పితే చుట్టు దాటి కూసుంటది, కారుతది. మొదలు నీ మెడ దగ్గర కారింది గూడ ఇసుంటిదే అయ్యుంటది, ప్రింట్ చేసిన చుట్టు పిచ్ కొలిచి చూడు. వెర్నియర్ లేకుంటే స్కేలు పెట్టి రెండు చుట్ల నడుమ ఎంతుందో చూసినా సాలు.

---

కుండీల_అక్క:

బాబూ, కూల్‌డ్రింక్ బాటిల్‌కి పట్టేలా అన్న మాట ముందు డిజైన్‌లోంచి తీసెయ్యి. కొలతలు కుదిరినా వద్దు. మా ఊళ్లో ఒకాయన గడ్డిమందు మిగిలిందని కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టాడు, మనవడు ఆడుకుని వచ్చి దాహమని ఎత్తాడు. వాసనకి ఉమ్మేశాడు కాబట్టి బతికాడు. ఇవాళ వేపనూనేలే అంటాం, రేపు ఇంకెవరో ఇంకేదో పోస్తారు.

నేను ఎనిమిదేళ్ల నుంచి మేడ మీద తోట చేస్తున్నాను, స్ప్రే బాటిళ్లు ఎన్ని చంపానో లెక్క లేదు. డిజైన్ సంగతి నాకు తెలీదు గానీ వాడేదాన్నిగా ఒకటి చెప్తాను. మూత తియ్యకుండా నింపాలి అనుకున్నావు కదా, ఆ ఆలోచనే మన పనికి రాదు. వేపనూనె కలిపింది నిలవ ఉంచేది కాదు, సాయంత్రం ఎండ తగ్గాక కలుపుకుని ఆ పూటే కొట్టెయ్యాలి. మిగిలింది బాటిల్‌లోనే వదిలేస్తే తెల్లారేసరికి నూనె పైకి తేలి గోడలకి జిడ్డు కట్టేస్తుంది, కుంకుడు పొట్టు నాజిల్‌లో ఇరుక్కుంటుంది. చలికాలం అయితే చెప్పక్కర్లేదు, నూనె చిక్కబడి ట్యూబులోనే గడ్డ కట్టినట్టవుతుంది. అంటే రోజూ కడగాలి. నీ బాటిల్‌లోకి బ్రష్ దూరుతుందా? చెయ్యి దూరకపోయినా కనీసం సీసాలు కడిగే బ్రష్ దూరాలి, లేకపోతే నెల తిరక్కుండా మీ అమ్మ దాన్ని కూడా లీటర్ బాటిల్ పక్కన పెట్టేస్తుంది.

నురగ కూడా అందుకే. కుంకుడు రసాన్ని సన్నటి కన్నంలోంచి తోస్తే నురగ రాక ఏమొస్తుంది, తలంటుకునేటప్పుడు చూళ్లేదా. వెడల్పు మూతి ఉంటే గోడ వారగా మెల్లగా ఒంపుకుంటాం.

కలిపే పద్ధతి కూడా అమ్మకి చెప్పు. నూనెని తిన్నగా నీళ్లలో పొయ్యకూడదు. ముందు నూనెలో చిక్కటి కుంకుడు రసం పోసి పుల్లతో గిలక్కొట్టాలి, పల్చటి మజ్జిగలా తెల్లగా వచ్చాక అప్పుడు కొంచెం కొంచెంగా నీళ్లు. లీటరుకి 5 మి.లీ. అంటే ఒక టీస్పూను, నీ పావు లీటరు బాటిల్‌కి పావు స్పూనే. ఈ పావు స్పూను కొలవడమే అందరికీ కష్టం, చేతికి వచ్చినంత పోసేస్తారు, ఆకులు మాడిపోతాయి. నువ్వు ఎలాగూ ప్రింట్ చేస్తావు కాబట్టి మూత లోపల ఆ కొలత గుంట ఒకటి పెట్టెయ్యి, అదొక్కటే చాలు నేను కొనేస్తాను. రసం మాత్రం పల్చటి గుడ్డలో వడకట్టి పొయ్యమను, స్టీల్ జల్లెడ చాలదు.

---

డల్లాస్_బాబాయ్:

ఆ సెంటు స్ప్రేలు నేను ఆరేడేళ్లుగా వాడుతున్నా, విమాన ప్రయాణాల్లో చేతి సంచిలో 100 మి.లీ. దాటిన సీసా చాలా చోట్ల పట్టుకెళ్లనివ్వరు కదా, అందుకని. వాటికి కింద వాల్వ్ ఎందుకు పెట్టారంటే సెంటు సీసాల మూత అల్యూమినియం రేకుతో నొక్కేసి ఉంటుంది, తియ్యలేం. బటన్ పీకేస్తే లోపల పుల్లలాంటి గొట్టం ఒక్కటే దారి. పైగా అందులో ఉండేది ఆల్కహాల్, పల్చన, నురగ రాదు, జిడ్డు కట్టదు, నింపేది 5 మి.లీ. నీ దగ్గర ఇందులో ఒక్కటీ లేదు. మనం పోసే క్యాన్‌కి మూత తీస్తే వస్తుంది కదా నాయనా.

అయినా అవి కూడా విమానంలో ఒక్కోసారి కారతాయి, పైకి వెళ్తే క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గి లోపలి గాలి సాగుతుంది. మేడ మీద ఆ బాధ లేదు గానీ ఎండలో వదిలేస్తే అదే జరుగుతుంది, లోపలి గాలి వేడెక్కి మందుని ట్యూబులోంచి పైకి తోసి నాజిల్ దగ్గర బొట్లు బొట్లుగా పడుతుంది.

---

వీకెండ్_మేకర్_ఖమ్మం:

అన్నా, సగం పోసి చూశా, ముప్పై దాటినా ఆగలేదు! సూదితో సీలెంట్ గీకి తీస్తే నిజంగానే బొక్క ఉంది, ఇన్నాళ్లూ అది మోల్డింగ్ లోపం అనుకున్నా నేను. పిచ్ కూడా కొలిచా, నేను 3 పెట్టానట, ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ఫైల్ అది.

అక్కా, అమ్మకి మీ పోస్టు చదివి వినిపించా, "ఆవిడ చెప్పినట్టు చెయ్యి, నువ్వు చెప్పినట్టు కాదు" అంది. కింద వాల్వ్ తీసేస్తున్నా. కొలత గుంట పెడతా. వెడల్పు మూతి పెడితే మరి ట్రిగ్గర్ హెడ్ ఎక్కడ కూర్చోబెట్టాలి?

---

చర్లపల్లి_మోల్డింగ్:

బాడీ ప్రింట్ చేసుడే బంద్ పెట్టు. ప్రింట్ చేసిన గోడల పొర పొరకు నడుమ సందులుంటయ్, ఇయ్యాల కారకపోయినా సబ్బు నీళ్లు, నూనె కలిసినంక మెల్లగ చెమట పట్టినట్టు దిగుతది, ఆ సందులల్ల జిడ్డు పోయి కూసుంటే ఎంత కడిగినా పోదు. బేగంబజార్‌ల ఖాళీ డబ్బాల షాపులల్ల హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ డబ్బా, వెడల్పు మూతిది, పావు లీటరుది తెచ్చుకో. నూనెను గానీ సబ్బును గానీ అది మంచిగనే తట్టుకుంటది. మోల్డ్ చేపిస్తే లచ్చల మాట, ఒక్క అమ్మ కోసం ఎందుకు?

డబ్బా మూతకు బొక్క కొట్టి, అండ్ల ఒక మెడ ప్రింట్ చేసి బిగియ్యి, 28/410 చుట్టుతోని, పిచ్ 4.2 యాదుంచుకో, చుట్టుకు 0.3 మి.మీ. వదులు ఇయ్యి. మెడ అడుగున అంచు, పైన నట్టు, నడుమ వాషర్. వాషర్ నైట్రైల్ రబ్బర్ తీస్కో, ఈపీడీఎం అనే రబ్బర్ వద్దు, నీళ్లకు అది బంగారం గానీ నూనె తగిలితే ఉబ్బుతది. వాషర్ బదులు ఓ-రింగ్ (O-ring) అనే గుండ్రటి రబ్బర్ రింగు అయితే, 2 మి.మీ. మందం రింగుకు గాడి లోతు 1.6 పెట్టు, అంత నొక్కుడు పడాలె.

అసలు ముచ్చట ట్యూబ్. షాపుల కొన్న బాటిల్ ట్యూబ్ నాజిల్ దిక్కు, అంటే ముందటికి వంగి ఉంటది, ఎందుకంటే జనం కిందికి కొడతరు. మీ అమ్మ ఆకుల కింద కొడతది, అంటే ముక్కు పైకి లేపుతది, మందు వెనక్కి పోతది, ట్యూబ్ మూతి గాలిల ఉంటది. సగం అయినంక గాలి తుర్రు తుర్రు అనేది అందుకే. బ్రష్ కట్టర్ పెట్రోల్ ట్యాంకు చూసినవా, లోపల మెత్తటి పైపు, కొసకు బరువు ఫిల్టర్. యంత్రం ఎటు వంచితే బరువు అటు పడతది, పెట్రోల్ ఎటుంటే పైపు అటు. గట్ల చెయ్యి. గట్టి ట్యూబ్ రెండు అంగుళాలు ఉంచి కోసి, దానికి మెత్తటి సిలికాన్ పైపు తొడుగు, కొసకు స్టీల్ నట్టు ఒకటి ఎక్కియ్యి, ఇనుపది వద్దు తుప్పు వడ్తది. పైపు కొస ఏటవాలుగ కొయ్యి, లేకుంటే అడుగుకు అంటుకుని మూసుకుపోతది.

---

కుండీల_అక్క:

ఆ నట్టు పైపు అయిడియా బాగుంది, నాకూ ఒకటి చేసుకుంటాను. తెల్లదోమ ఎప్పుడూ ఆకు కిందే ఉంటుంది, తలకిందులుగా పట్టుకుని కొట్టాల్సి వస్తుంది.

నడుముకి క్లిప్ మాత్రం నాకు నమ్మకం లేదు. వంగినప్పుడల్లా బాటిల్ పడుకుంటుంది, గాలి పోయే బొక్క ఉందన్నారు కదా, ఎంతైనా అక్కడ్నుంచి ఓ బొట్టు వస్తుంది.

---

వీకెండ్_మేకర్_ఖమ్మం:

రెండు వారాల తర్వాత అప్‌డేట్. డబ్బా తెచ్చి, మెడ ప్రింట్ చేసి బిగించా, మూడో ప్రింట్‌కి కుదిరింది. నట్టు పైపు అద్భుతం, చివరి రెండు చెంచాలు తప్ప అంతా లాగేస్తోంది. పిండినల్లి ఇంకా పూర్తిగా పోలేదు, కానీ కొత్త చిగుళ్లకి పట్టలేదు.

క్లిప్ విషయంలో అక్క చెప్పిందే నిజం, మళ్లీ తడిసింది. ఇప్పుడు క్లిప్ బదులు వంపు కొక్కెం ఒకటి చేసి కుండీ అంచుకి తగిలించేలా పెట్టా, అమ్మ ఒక కుండీ దగ్గర కొట్టి, అక్కడే తగిలించి, ఎండాకులు గిల్లుకుని, మళ్లీ తీసుకుంటోంది. నడుము అన్న మాటే మర్చిపోయింది. పావు స్పూను గుంటకి మాత్రం కొలత తప్పింది, పోసి చూస్తే 2 మి.లీ. వస్తోంది, ఈ ఆదివారం సరిచేసి ఫైల్ ఇక్కడ పెడతా, అప్పటిదాకా ఎవరూ దాన్ని ప్రింట్ చెయ్యకండి.