బాదం తోటలో నేల ఉడతలకి ఏ బుల్లెట్?

ప్రశ్న: ఫ్రెస్నో దగ్గర మా బాబాయి వాళ్ళ బాదం తోటలో నేల ఉడతలు డ్రిప్ పైపులు కొరికేస్తున్నాయి. పాయింట్ 17 హెచ్‌ఎంఆర్ రైఫిల్ (0.17 అంగుళాల సన్న బుల్లెట్‌ది) ఉంది. ఏ బుల్లెట్ వాడాలి, ఎక్కడ కొట్టాలి?

జవాబు: తమ్ముడూ, కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం బుల్లెట్లు పూర్తిగా నిషేధం. చచ్చిన ఉడతని గద్దలు తింటాయి కదా, ఆ సీసం వాటికి విషం! హార్నడీ కంపెనీ 15.5 గ్రెయిన్ (దాదాపు ఒక గ్రాము బరువు) బుల్లెట్ ఎన్‌టీఎక్స్‌లో సీసం ఉండదు, తగలగానే పగిలిపోతుంది. తల చిన్నది, కుదురుగా ఉండదు. పక్కకి తిరిగినప్పుడు ముందుకాలి వెనక, ఛాతీకి గురిపెట్టు. బొరియ గట్టు మీద నిక్కి నిలబడిందా, వెనక ఆకాశమే, తప్పిన బుల్లెట్‌ని ఆపేదేమీ ఉండదు. ట్రిగర్ జోలికి పోకు.

ఇంకో జవాబు: గాలి మర్చిపోయారు. ఇంత తేలిక బుల్లెట్‌ని ఇట్టే పక్కకి తోసేస్తుంది. గాలి తక్కువుండే పొద్దున్నే కొట్టండి.

ప్రశ్న వేసినవారు: థాంక్స్ అన్నా. డబ్బాలో మిగిలిన సీసంవి కాగితం టార్గెట్లకి వాడేస్తా.